గవ్వను తేకండి, దాని అచ్చు తెచ్చుకోండి

సముద్రం మీద ప్రేమతో నగలు చేసుకునేవాళ్లు తీరంలో మంచి గవ్వ కనపడగానే సంచిలో వేసుకుంటారు. ఖాళీ గవ్వే కదా అనిపిస్తుంది. కానీ సన్యాసి పీతకు అదే ఇల్లు. దానికి సొంత గుల్ల ఉండదు, ఒళ్లు పెరిగే కొద్దీ ఇంకా పెద్ద గవ్వ వెతుక్కోవాలి.

అందుకే భీమిలి వైపో, రుషికొండ వైపో వెళ్లేటప్పుడు రెండు భాగాల సిలికాన్ పుట్టీ (రెండు ముద్దలూ కలిపితే రబ్బరులా గట్టిపడే అచ్చు పదార్థం) వెంట తీసుకెళ్లండి. గవ్వ లోపల ప్రాణి లేదని చూసుకుని, ఇసుక కడిగి, తుడవండి. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని, కలిపి పిసికి, గవ్వను సగం లోతు వరకే నొక్కండి. అంతకంటే లోపలికి పోతే తీసేటప్పుడు అచ్చు చిరుగుతుంది. లేటెక్స్ గ్లౌజులతో మాత్రం పిసకొద్దు, వాటిలోని గంధకం వల్ల కొన్ని రకాల పుట్టీ అసలు గట్టిపడదు. గట్టిపడ్డాక గవ్వను దొరికిన చోటే వదిలేయండి.

ఇంటికొచ్చి ఆ అచ్చులో మైనం పోసి, ఆ మైనం బొమ్మను పోత పని చేసే కంసాలికి ఇస్తే వెండిలో పోసిస్తారు. గవ్వ మీది సన్నటి గీతలు కూడా వస్తాయి. ఆక్సిడైజ్ చేయించండి, అంటే వెండిని నల్లబరిపించండి, గీతల్లో నలుపు నిలిచి ఎంత అందంగా ఉంటుందో!

పగడపు ముక్కలు, సీ ఫ్యాన్‌లు (విసనకర్రలా ఉండే పగడపు జాతి జీవులు) ఎవరైనా అమ్ముతున్నా కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికీ, కొన్ని రకాల గవ్వలకూ రక్షణ ఉంది.