సుగ్గికి బయలుదేరే ముందు: పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

దీపావళి వెళ్లగానే కర్నూలు జిల్లాలోని మా ఆదోని వైపు ఊళ్లలో తలుపులకు తాళాలు పడతాయి. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో వాన మొహం చాటేసిన ఏడాది అంతకంటే ముందే పడతాయి. పత్తి తీయడానికి, ఆ వెనుక మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వెళ్లేవారు కొందరు. కట్టడం పనులకు బెంగళూరు, హైదరాబాద్ పోయేవారు కొందరు. దీన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. సరిగ్గా ఆ నెలల్లోనే హైస్కూల్లో జరగాల్సినవన్నీ జరుగుతాయి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా), పరీక్ష ఫీజు, వంద రోజుల చదువు ప్రణాళిక, ప్రీ ఫైనల్, హాల్ టికెట్లు, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. బడి నుంచి కబుర్లు ఎక్కువగా వచ్చే రోజులూ, వాటిని అందుకునే మనిషి ఇంట్లో లేని రోజులూ ఒకటే.

పదో తరగతి బాధ్యత చూసే ఉపాధ్యాయుడిగా నేను చేసిన తప్పు ఒకటి ముందుగా చెబుతాను. ఒక అబ్బాయి పుట్టిన తేదీ బడి రికార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంది. సరిచేసుకోండని వాళ్ల నాన్న నంబరుకు వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలం గీతలు కనిపించాయి. అందింది కదా అని ఊరుకున్నాను. ఆ ఫోను అప్పుడు బెంగళూరులో వాళ్ల మేనమామ చేతిలో ఉందట. తన అక్కకు, అంటే ఆ అబ్బాయి అమ్మకు, తెలిసే ఉంటుందని ఆయన అనుకున్నాడు. అక్క పల్నాడులో మిరప చేలో ఉంది. గడువు దాటిపోయింది. తర్వాత ఆ తేదీ మార్పించుకోవడానికి ఆ కుటుంబం కూలి డబ్బులు పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. అప్పటి నుంచి నీలం గీతలను నేను నమ్మను. కబురు ఫోనుకు చేరితే ఇంటికి చేరినట్టు కాదు.

ముందు ఒక మనిషిని నిలబెట్టండి

మీరు బయలుదేరేలోపు ఇంటి దగ్గర ఉండే ఒకరిని పిల్లల చదువుకు బాధ్యులుగా ఒప్పించండి. అవ్వ కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, పెళ్లయి ఊళ్లోనే ఉన్న అక్క కావచ్చు. 'అందరూ చూస్తారులే' అంటే ఎవరూ చూడరని అర్థం. ఆ మనిషిని ఒకసారి బడికి తీసుకొచ్చి ప్రధానోపాధ్యాయులకు, తరగతి ఉపాధ్యాయులకు చూపించండి. బడి రిజిస్టరులో మీ నంబరుతో పాటు ఆ మనిషి నంబరు కూడా రాయించండి. పని చోట మేస్త్రీ నంబరు ఉంటే అదీ ఇవ్వండి. గుంటూరు వెళ్లాక కొత్త సిమ్ వేస్తే ఆ రోజే పిల్లలకు చెప్పండి. డిసెంబరులో మా రిజిస్టరు తిరగేసి ఫోన్లు చేస్తుంటే పలికేవాటికంటే పలకనివే ఎక్కువ.

అవ్వకు చదవడం రాకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. చదవలేరు, ఫోను చేసి చెప్పండి అని బడిలో అడగండి. మా దగ్గర ఇళ్లలో ఉర్దూ, కన్నడ మాట్లాడేవారూ ఉన్నారు. వారికి అర్థమయ్యే భాషలో చెప్పగల టీచరు ప్రతి బడిలోనూ ఒకరైనా దొరుకుతారు.

గ్రూపుల్లో తిరిగే పరీక్షల పట్టికలను చూసి కంగారు పడకండి. 'పరీక్షలు వాయిదా' అనే పాత వార్త ఏటా ఫిబ్రవరిలో మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. ప్రభుత్వ పరీక్షల విభాగం చెప్పిందే తేదీ. అది ప్రధానోపాధ్యాయుల ద్వారా వస్తుంది.

ఇక పిల్లలనే వెంట తీసుకెళ్దామన్న ఆలోచన. తమ్ముడిని చూసుకోవడానికో, ఒక కూలి కలిసొస్తుందనో ఆడపిల్లను బడి మాన్పించి తీసుకెళ్లే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పదో తరగతిలో ఇది కుదరదని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఇంట్లో చూసేవారే లేకపోతే వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ల గురించీ, సంక్షేమ వసతి గృహాల గురించీ వెళ్లేముందే మండల విద్యాధికారిని అడగండి. వెళ్లాక ఫోనులో అడిగితే ఆలస్యమవుతుంది. ప్రభుత్వం తల్లులకు ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బులకు 75 శాతం హాజరు నిబంధన ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

నామినల్ రోల్ మాస్టర్ల పని మాత్రమే కాదు

పరీక్ష రాసే ప్రతి విద్యార్థి వివరాలతో బడి పంపే జాబితా ఇది. పిల్లల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మాధ్యమం, భాషలు, పుట్టుమచ్చలు, ఫొటో, సంతకం అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడ ఎలా ఉంటే మార్కుల జాబితాలో అలాగే అచ్చవుతుంది. రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పుట్టిన తేదీకి రుజువుగా ఆ కాగితం చూపాల్సి రావచ్చు.

మా ప్రాంతంలో తప్పులు ఎక్కడ దొర్లుతాయో చెబుతాను. ఈరన్న ఒక చోట వీరన్న అవుతాడు. నరసింహులు ఇంగ్లిషులో మూడు రకాలుగా ఉంటాడు. కొందరి ఆధార్‌లో కులం పేరే ఇంటిపేరుగా పడి ఉంటుంది, బడి రికార్డులో ఉండదు. తల్లి పేరు దగ్గర పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు కలగాపులగమవుతాయి. ఆరో తరగతిలో చేర్పించినప్పుడు ఎవరో ఉజ్జాయింపుగా వేసిన పుట్టిన తేదీ ఇప్పుడు బయటపడుతుంది. కాబట్టి జాబితా పంపే ముందు దాని నకలు చూపించమని అడగండి. ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పిల్లల చేత పైకి చదివించండి. మీరు అప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆ పేజీ ఫొటో తెప్పించుకుని చూడండి. నన్ను అడిగితే పదో తరగతి తల్లిదండ్రులు ఈ చలికాలంలో చేయాల్సిన పనుల్లో మొదటిది ఇదే. చదువు సంగతి ఆ తర్వాత.

కులం, ఆదాయం ధ్రువపత్రాలకు గ్రామ సచివాలయంలో వెళ్లేముందే దరఖాస్తు చేసుకోండి. రేషన్ కార్డు, తండ్రి ఆధార్ పెట్టెలో పెట్టి తాళం వేసుకుపోతే అవ్వ ఏం చేస్తుంది? నకళ్లు తీసి ఆమె దగ్గర ఉంచండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు పబ్లిక్ పరీక్షల సమయంలోనే వస్తుంటాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కులను బట్టే వస్తుంది. అప్పుడు అడిగే కాగితాలూ ఇవే.

ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లలు ఉంటే ఎన్ఎంఎంఎస్ అనే ఉపకార వేతన పరీక్ష మాట అడగండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉంటే అర్హత. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఏటా పునరుద్ధరణ చేసుకోకపోతే ఆగిపోతాయి. గెలిచి పోగొట్టుకున్న పిల్లలను చూశాను కాబట్టి ఇంత నొక్కి చెబుతున్నాను.

చలి, చీకటి, జ్వరం

రాయలసీమ అంటే ఎండే అనుకుంటారు బయటివాళ్లు. డిసెంబరులో తెల్లవారుజామున మా బడి ఆవరణలో నిలబడితే తెలుస్తుంది. ప్రత్యేక తరగతులు ఉదయం ముందుగా మొదలై, సాయంత్రం చీకటి పడేదాకా సాగుతాయి. పక్క పల్లెల నుంచి నడిచి వచ్చే పిల్లలు గుంపుగా రావాలి, గుంపుగా పోవాలి. ఒక టార్చిలైటు చాలు. సాయంత్రం తరగతి ఎన్నింటికి వదులుతారో ఇంట్లో తెలిసి ఉండాలి. ఆరున్నరకు వదిలితే ఎనిమిదింటికి ఇల్లు చేరడం ఏమిటని అడిగే మనిషి ఉండాలి.

స్నానానికి నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డుతో చాలా జాగ్రత్త. పెద్దలు లేని ఇంట్లో నిద్రమత్తులో స్విచ్ ఆపకుండానే బకెట్‌లో వేలు పెట్టి చూస్తారు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్డు బయటికి తీశాకే నీళ్లు ముట్టుకోవాలి. ఇనుప బకెట్ అసలే వద్దు. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో రాడ్డు జోలికే పోకపోవడం మేలు. రాత్రి తలుపులు బిగించుకుని నిప్పుల కుంపటి పక్కన పడుకోనివ్వకండి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే చంపుతుంది.

జ్వరం వస్తే మందుల షాపులో రెండు బిళ్లలు కొని సరిపెట్టకండి. ఈ కాలంలో స్క్రబ్ టైఫస్ కూడా ఉంటుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన చోట కాల్చిన మచ్చలా నల్లటి పెచ్చు కట్టొచ్చు. అది చంకలోనో గజ్జల్లోనో ఉంటే పిల్లలు చూసుకోరు, చూసినా చెప్పరు. తగ్గని జ్వరం, తలనొప్పి ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, పెచ్చు ఉంటే డాక్టరుకు చూపించాలి. సకాలంలో వెళితే డాక్సీసైక్లిన్ లాంటి చవకైన మందుతోనే తగ్గుతుంది. ముదిరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గడ్డివాముల మీద పడుకుని చదువుకోవడం చూడ్డానికి బాగుంటుంది గానీ మాన్పించండి.

యాత్రలు, జాతర్లు

చలికాలం విహారయాత్రల కాలం. బెలుం గుహలు, గండికోట, యాగంటి మా సీమలోనే ఉన్నాయి. పిల్లలను పంపొద్దని చెప్పను, ఏడాదంతా పుస్తకం తప్ప ఏమీ చూడని పిల్లలు వాళ్లు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు మాత్రం అడగండి. శాఖ అనుమతి ఉందా? వెంట మహిళా ఉపాధ్యాయులు వస్తున్నారా? బస్సు రాత్రి ప్రయాణం చేస్తుందా? నీళ్లలో దింపుతారా? బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్కపోత ఎక్కువ. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లల సంగతి ముందే చెప్పాలి. గండికోటలో పెన్నా లోయ అంచున సెల్ఫీల కోసం బండరాళ్ల కొసకు వెళ్లడం పెద్ద ప్రమాదం. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచెత్తింది. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరులోనూ పడతాయి. వాగు పొంగుతుంటే యాత్ర వాయిదా వేయమని తల్లిదండ్రులు గట్టిగా అడగవచ్చు.

ఇంటి దగ్గర తుంగభద్ర దిగువ కాలువ ఉంది. ఈత వచ్చినవాడికీ కాలువ గట్టు పట్టు దొరకనివ్వదు. సంక్రాంతి సెలవుల్లో పెద్దల కన్ను లేని మగపిల్లలు ముందుగా వెళ్లేది అక్కడికే.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర వస్తుంది. ఒక రోజు వెళ్లి రావచ్చు. శివరాత్రికి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమలలో శ్రీశైలానికి నడిచి వెళ్లడం వేరే సంగతి. ఆ దారిలో నడక అలసట తీరడానికే కొన్ని రోజులు పడుతుంది. అవి ప్రీ ఫైనల్ పరీక్షల రోజులు. మల్లన్నకు వచ్చే ఏడాది మొక్కు తీర్చుకోవచ్చు.

మాఘమాసం గురించి ఒక మాట. ముహూర్తాలు మొదలవగానే పదో తరగతి ఆడపిల్లల్లో ఒకరిద్దరు బడికి రావడం మానేస్తారు. అడిగితే జ్వరం అంటారు. పద్దెనిమిది నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. పెళ్లి చేసేవారితో పాటు చేయించేవారూ శిక్షార్హులే. వలస వెళ్తూ పిల్లను ఎవరి దగ్గర వదలాలన్న భయంతోనే చాలామంది ఈ పని చేస్తున్నారని నాకు తెలుసు. ఆ భయానికి హాస్టలు మందు, పెళ్లి కాదు. ఇలాంటి సంగతి చెవిన పడితే బాలల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

ఫిబ్రవరి, మార్చి

ప్రీ ఫైనల్ మార్కులు చూసి తిట్టకండి. ఏ సబ్జెక్టులో పాస్ మార్కు రాలేదో టీచరును అడిగి దాని మీదే పడమనండి. పబ్లిక్ పరీక్షలు 2024లో మార్చి 18న, 2025లో మార్చి 17న మొదలయ్యాయి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం పన్నెండు ముప్పావు దాకా జరిగాయి. భౌతిక, జీవశాస్త్రాలు వేర్వేరు రోజుల్లో యాభై మార్కుల చొప్పున రాయించారు, అవి పదకొండున్నరకే ముగిశాయి. 2025లో హాల్ టికెట్ బడిలోనే కాక ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ సేవలోనూ (9552300009) దొరికింది. ఫీజు బాకీ ఉందని ఏ ప్రైవేటు బడి అయినా ఆపితే ఆ దారి ఉందని గుర్తుంచుకోండి. 2025లో పరీక్ష రోజుల్లో హాల్ టికెట్ చూపితే పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ అడగలేదు. మీ ఏడాది సంగతి డిపోలో ముందే కనుక్కోండి. కేంద్రం వేరే ఊళ్లో పడితే ముందు రోజు ఒకసారి వెళ్లి చూసి రావాలి. ఎనిమిది ముప్పావుకల్లా గేటు దగ్గర ఉండాలి.

పిల్లలు అన్నం సరిగా తినకపోయినా, నిద్ర పట్టడం లేదన్నా, 'నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది' లాంటి మాట అన్నా తేలిగ్గా తీసుకోకండి. మానసిక సమస్యలకు సాయం చేసే టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోను చేయవచ్చు. తప్పినవారికి వేసవిలోనే సప్లిమెంటరీ ఉంటుందని ఫలితాల ముందే చెప్పి ఉంచండి.

మిరప కోత మార్చి దాకా సాగుతుంది. ఇద్దరూ రాలేకపోతే ఒకరైనా పరీక్షల ముందు రోజుకు వచ్చేలా మేస్త్రీతో అడ్వాన్సు మాట్లాడేటప్పుడే ఒప్పందం చేసుకోండి. అదీ కుదరకపోతే రాత్రి ఎనిమిదింటిలోపు ఫోను చేయండి. ఎన్ని ప్రశ్నలు రాశావని అడగకండి. ఏం తిన్నావో, రేపటికి పెన్నులు రెండు పెట్టుకున్నావో లేదో అడిగి పెట్టేయండి. అవ్వ ఫోనులో చార్జింగ్ ఉందో లేదో కూడా.