మూకీ ఫుటేజీలో మనుషుల్ని, చోట్లని గుర్తుపట్టే ముందు

☐ అసలు రీలు నైట్రేట్‌దైతే ముట్టుకోవద్దు. అది తేలిగ్గా మండే పాతకాలపు ఫిల్మ్, నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. స్కాన్ కాపీ మీదే పని చేయండి.

☐ బొమ్మ ఎడమ కుడి తిరగబడిందేమో ముందు చూడాలి. షాపు బోర్డు అక్షరాలు కనబడకపోతే కోటు గుండీలు చూడండి. మగవాళ్ల కోటుకి మామూలుగా ఎడమ అంచే పైకి వస్తుంది. కుడి అంచు పైనుంటే అనుమానించాల్సిందే.

☐ కొడాక్ ఫిల్మ్ అంచున వృత్తం, చదరం, త్రిభుజం లాంటి గుర్తులుంటాయి. 1916లో మొదలైన ఈ గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వచ్చాయి. పైగా అవి ఫిల్మ్ తయారైన ఏడాదిని చెబుతాయి, షూటింగ్ జరిగిన ఏడాదిని కాదు. కాపీ తీసేటప్పుడు పాత నెగెటివ్ గుర్తు కూడా అచ్చుపడుతుంది, జాగ్రత్త.

☐ టైటిల్ కార్డును (సీన్ల మధ్య తెర మీద వచ్చే రాతని) నమ్మేయకండి. న్యూయార్క్ అని రాసున్నా అది లాస్ ఏంజెలెస్ వీధి కావచ్చు.

☐ మీసం, మేకప్ మారతాయి. చెవి ఆకారం పట్టి చూడండి. ఒక్క పోలికతో పేరు ఖాయం చేస్తే అన్యాయం, పక్కన "కావచ్చు" అని రాయండి.