బీములకు రింగులు ఎలా కట్టాలి?

రింగులకు 8 మిల్లీమీటర్ల ఊచ, బైండింగ్ వైరు, ఊచలు అచ్చుకు తగలకుండా ఎత్తిపట్టే కవర్ బ్లాకులు, టేపు సిద్ధం చేసుకోండి. 6 మిల్లీమీటర్ల రింగులు బీములో పెట్టకూడదు, అంతే. బీము పొడవునా పోయే మెయిన్ ఊచలకు రింగులు తొడిగి, కలిసిన ప్రతిచోటా వైరు మెలిపెట్టండి. ఇంతవరకు ఎవరికైనా వచ్చే పనే.

అసలు సంగతి రింగుల ఎడంలో ఉంది. అమలాపురం నుంచి నరసాపురం దాకా కట్టే ఇళ్లలో ఎక్కడ చూసినా ఒకటే వరస: ఈ చివర నుంచి ఆ చివరకు ఆరంగుళాలకో రింగు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ షియర్, అంటే బీమును అడ్డంగా కత్తిరించే బలం, మామూలు ఇంటి బీములో స్తంభాల దగ్గర ఎక్కువ, నడుమ తక్కువ. అందుకే షియర్ పగుళ్లు స్తంభం పక్కనే మొదలై ఏటవాలుగా పాకుతాయి. వాటిని పట్టి ఆపేది రింగు నిలువు కాళ్లే. "మరో రెండు పదహారు ఎంఎం ఊచలు వేశాం కదండీ" అంటాడు మేస్త్రీ. అవి వంపును ఆపడానికి. పద్ధతిగా కట్టిన బీము వంగి దెబ్బతింటే ముందే పగుళ్లు చూపిస్తుంది. షియర్‌లో పోయేది చెప్పాపెట్టకుండా పోతుంది.

16 మిల్లీమీటర్ల ఊచలున్న 9 బై 15 అంగుళాల బీము అనుకోండి. స్తంభం ముఖానికి రెండంగుళాల లోపే మొదటి రింగు పడాలి. అక్కడి నుంచి రెండున్నర అడుగుల వరకు మూడంగుళాలకొకటి, రెండు వైపులా. మీ ఆరంగుళాల వరస ఆ మధ్యలోనే. ఇంజినీరు డ్రాయింగులో ఇంతకంటే దగ్గరగా ఉంటే అదే పాటించండి.

రింగు చివరి కొక్కెం 135 డిగ్రీలు వంగాలి, తోక కనీసం 65 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. భూకంపాల కోడ్ ఐఎస్ 13920 అడిగేదీ ఇదే. 90 డిగ్రీల దగ్గర ఆపితే, పైనున్న కాంక్రీటు పెచ్చు రాలిన రోజున రింగు విచ్చుకుంటుంది. కొక్కేలన్నీ ఒకే మూలకు రానివ్వకండి. "ఇంత ఇరుకైతే కాంక్రీటు దిగదు" అనే మాట వినవద్దు. 20 మిల్లీమీటర్ల కంకర, వైబ్రేటరు ఉంటే దిగుతుంది.

కవర్ బ్లాకు రింగు కిందే పెట్టాలి, మెయిన్ ఊచ కింద కాదు. బీములో అన్నిటికంటే బయట ఉండేది రింగే; అంతర్వేది వైపు ఉప్పుగాలి ముందు తినేది దాన్నే. తీరప్రాంతానికి కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం 45 మిల్లీమీటర్ల కవర్, అంటే రింగు బయట కాంక్రీటు మందం, కావాలి. టైల్సు ముక్కలు, కంకర రాళ్లు దూర్చి అదే కవర్ అనుకోవద్దు.

కాంక్రీటు పోసే ముందు మళ్లీ టేపు పట్టండి. కూలీలు తొక్కేసరికి స్తంభాల దగ్గర రింగులే ముందు జారతాయి. వాటిని సరిచేసి కట్టేదాకా మిల్లరు తిప్పనివ్వకండి.