బంకులో పెట్రోలు కొట్టించేటప్పుడు కళ్లు ఎక్కడ పెట్టాలి?

మా మావయ్యగారికి ఒక అలవాటు ఉంది. నరసన్నపేట దాటాక ఏ బంకులో ఆగినా "ఫుల్ ట్యాంక్" అంటారు. పైపు క్లిక్‌మని ఆగగానే దిగి, వెనకనుంచి కారుని అటూ ఇటూ ఊపుతారు. "గాలి బయటికి పోవాల బావూ, ఇంకో అర లీటరు పడతాది" అంటారు. ఆయన కారు ఊపుతున్నంతసేపూ మీటరు వైపు చూసేవాడు ఉండడు. మన బంకు అలవాట్లలో చాలావరకు ఇంతే, చూడాల్సిన చోట చూడం.

బయల్దేరే ముందు

ముల్లు పావు దగ్గరకు రాగానే కొట్టించండి. రిజర్వులో పడేదాకా లాగించడం మంచిది కాదు. ఇప్పటి కార్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దానికి చల్లదనం ఆ పెట్రోలే. మూత ఏ వైపుందో గుర్తు రాకపోతే డ్యాష్‌బోర్డు మీద పెట్రోలు బొమ్మ పక్కనున్న చిన్న బాణం గుర్తు చూడండి.

హైవే ఎక్కి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే ఒక లెక్క వేసుకోవాలి. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. సరిహద్దు దాటి ఒడిశాలో అడుగుపెడితే ధర తక్కువ. బరంపురం పని మీద వెళ్లేవాళ్లు ఇక్కడ సరిపడా కొట్టించి, వచ్చేటప్పుడు అక్కడ ఫుల్ చేయించుకోవడం తెలివైన పనే. అందుకోసమే శ్రీకాకుళం నుంచి పనిగట్టుకుని వెళ్లడం మాత్రం దండగ. రానూపోనూ రెండొందల కిలోమీటర్లు దాటుతుంది, మిగిలేదంతా దారిలోనే కాలిపోతుంది.

మీటరు దగ్గర

ఇంజిన్ ఆపి, కారు దిగండి. ఏసీలో కూర్చుని అద్దం సందులోంచి చూస్తే సున్నా కనపడదు. డీజిలా పెట్రోలా అన్నది నోటితో గట్టిగా చెప్పండి, అద్దె కారయితే మరీనూ.

మీటరు సున్నా అయితేనే కొట్టమనండి. ఇది అందరికీ తెలిసిందే, నాకూ తెలుసు. అయినా విజయనగరం దారిలో ఒక బంకులో మోసపోయాను. వెయ్యికి కొట్టమన్నాను. కుర్రాడు 200 దగ్గర ఆపేశాడు. "అయ్యో, రెండొందలనుకున్నాను సార్, మిగతాది కొడతాను" అన్నాడు. ఈలోగా ఇంకొకతను వచ్చి ఫోన్‌పేనా, క్యాషా అని అడుగుతూ నన్ను పక్కకి తిప్పాడు. తిరిగి చూస్తే మీటరు మీద 800 ఉంది. మొదటి 200తో కలిపి వెయ్యి అనుకుని డబ్బులిచ్చేశాను. అతను సున్నా చేయకుండా 200 మీదే కొనసాగించాడని టోల్‌గేటు దగ్గర వెలిగింది. మధ్యలో ఆపితే అక్కడే బిల్లు అడగండి, రెండోసారి మళ్లీ సున్నా చూడండి. డబ్బు సంగతి పైపు బయటికి వచ్చాకే.

వందకు బదులు 110, 210 కొట్టిస్తే మోసం ఉండదనేది ఒట్టి నమ్మకం. మీటరులోనే తేడా ఉంటే ఏ అంకె చెప్పినా తేడాయే. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది, పెట్రోలు ఎక్కువ వస్తుందన్నదీ అంతే. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, అక్కడ వేడి పెద్దగా మారదు. ఐదు డిగ్రీల తేడా ఉందనుకున్నా పది లీటర్లకి అర గ్లాసు కూడా రాదు. పొద్దున్నే వెళ్లాలనుకుంటే లైను ఉండదని వెళ్లండి. ధర పొద్దున 6 గంటలకు మారుతుంది, 2017 జూన్ నుంచి అదే పద్ధతి.

క్లిక్‌మన్నాక

ఆపేయండి. ట్యాంకులో కొంత ఖాళీ ఉండాలి, ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది. మూతిదాకా నింపితే, ఆవిరిని పట్టుకోవడానికి పెట్టిన క్యానిస్టర్ అనే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే దిగుతుంది. అది పాడైతే మావయ్యగారి అర లీటరుకు చాలా రెట్లు ఖర్చు. ఇంకో మాట, పుస్తకంలో 35 లీటర్లని రాసున్న ట్యాంకులో 37 పట్టిందని బంకువాళ్ల మీద వెంటనే విరుచుకుపడకండి. మూతిదాకా పోస్తే రాసినదానికన్నా ఎక్కువే పడుతుంది.

అనుమానం వస్తే

గొడవ అక్కర్లేదు, "ఐదు లీటర్ల కొలత చూపించండి" అని అడగండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడా ఉండొచ్చు, అంతకు మించకూడదు. కల్తీ అనిపిస్తే ఫిల్టర్ పేపరు అడగండి, డబ్బులివ్వక్కర్లేదు. పైపు మూతి తుడిచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. లేత రంగు మిగిలితే భయం లేదు, నల్లటి జిడ్డు మరక మిగిలితే మాత్రం ఫిర్యాదు పుస్తకం అడగాల్సిందే. టైర్లకు గాలి, మంచినీళ్లు, టాయిలెట్ కూడా ఉచితమే. గాలి పట్టిన కుర్రాడికి పది రూపాయలిస్తారో లేదో మీ ఇష్టం.

తుపాను రోజుల్లో

మన జిల్లాలకు ఇది ప్రత్యేకం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు విరుచుకుపడ్డాక ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. బంకు పంపు నడవాలంటే కరెంటు గానీ జనరేటరు గానీ ఉండాలి కదా. హెచ్చరిక రాగానే ముందురోజే ట్యాంకు నింపి, కారును చెట్టు కింద కాకుండా మెరక మీద పెట్టండి. ప్లాస్టిక్ బాటిళ్లలో, క్యాన్లలో పెట్రోలు తెచ్చి ఇంట్లో దాచకండి. హాల్లో కొవ్వొత్తి వెలిగించుకునే రాత్రులవి.