మే నెల ఆర్బిట్రేషన్‌కు గుమాస్తాల జాగ్రత్తలు

మేలో సివిల్ కోర్టులకు సెలవులు. గవర్నర్‌పేట లాయర్ల ఆఫీసులకు కాదు. కోర్టు పని తగ్గింది కదా అని ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్, తగువు తేల్చే పద్ధతి) హియరింగులు వరసగా పెట్టేది అప్పుడే. బెజవాడ ఎండకు జిరాక్స్ మిషన్ మొరాయించేదీ అప్పుడే. అందుకే కేసు కాగితాల కట్టలు ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోండి.

అన్నిటికన్నా ముందు పేజీ నంబర్లు. గుంటూరు కోల్డ్‌స్టోరేజీ మిర్చి కేసొకటిలో మా సారు ఎదుటి సాక్షిని 214వ పేజీ తీయమన్నారు. మా కట్టలో అది తూకం చీటీ. ఆర్బిట్రేటర్ గారి కట్టలో హమాలీ బిల్లు. తప్పు నాదే. ఆ సెట్టులో రెండు కాగితాలు జారిపోయాయి, నేను సెట్టు సెట్టుకీ విడివిడిగా నంబర్లు వేయించాను. పావుగంట అందరూ పేజీలు తిరగేశారు, ఆ పావుగంటలో సాక్షి తేరుకున్నాడు. అప్పట్నుంచి ఒక్క సెట్టుకే నంబర్లు వేసి, స్కాన్ చేసి, మిగతావన్నీ ఆ పీడీఎఫ్ నుంచే తీయిస్తున్నా. ఇండెక్స్ పేజీలకూ వరసలోనే నంబరు వేయండి, స్క్రీన్ మీదా కాగితం మీదా ఒకే అంకె కనబడుతుంది. సాక్షి ముందు పెట్టడానికి ఒక సెట్టు అదనంగా ఉండాలి. దాని మీద మన సారు పెన్సిల్ గీతలు ఉండకూడదు సుమా.

సాక్ష్యంగా వాట్సాప్ మెసేజులుంటే వాటికి జతచేసే సర్టిఫికెట్ ఇప్పుడే తెప్పించండి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం అందులో రెండు భాగాలు: ఒకటి ఆ పార్టీ నింపాలి, రెండోది నిపుణుడు. హాష్ విలువ (ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరస) కూడా రాయాలి. సాక్ష్య చట్టానికి ఆర్బిట్రేటర్ కట్టుబడక్కర్లేదని ఆర్బిట్రేషన్ చట్టం 19వ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ అభ్యంతరం వచ్చాక వెతికితే క్లయింటు ఈలోపు ఫోను మార్చేసి ఉంటాడు.

ఒరిజినల్స్ కింది అరలో పెట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచాక ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

గడువులు గోడ క్యాలెండర్ మీద రాయండి, ఫోనును నమ్ముకోవద్దు. ఆర్బిట్రేటర్‌కు నియామకం నోటీసు అందిన రోజు నుంచి 6 నెలల్లో క్లెయిమ్, డిఫెన్స్ కాగితాల దాఖలు పూర్తి కావాలి. అక్కణ్ణుంచి 12 నెలల్లో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో 6 నెలలు, ఆపైన కోర్టుకెళ్ళాలి. అవార్డు కొట్టేయమని అడగడానికి సంతకం చేసిన కాపీ చేతికందినప్పటి నుంచి 3 నెలలు. సరైన కారణం చూపితే ఇంకో 30 రోజులు, అంతే. సెలవులున్నాయని ఆ 30 రోజులూ సాగవు. కాపీ వచ్చిన కవరు చించి పారేసే బంట్రోతులున్నారు. కవరును కాపీకి పిన్ను చేసి, అందిన తేదీ, తీసుకున్నవాళ్ళ పేరు దాని మీదే రాయించండి.

హియరింగు సంగతులు గుట్టుగా ఉంచాలని ఆర్బిట్రేషన్ చట్టం 42ఎ సెక్షన్ చెబుతోంది. ఎదుటి పక్షం గుమాస్తా మీ పాత నేస్తమే కావచ్చు. టీకొట్టు దగ్గర వేరే కబుర్లు చెప్పుకోండి.

హాలు మాట్లాడేటప్పుడు జనరేటర్ ఉందో లేదో అడగండి. స్టెనోకు ముందురోజే పేర్ల పట్టీ ఇవ్వండి: పార్టీలు, ఊళ్ళు, తేజ, బాడిగ లాంటి మిర్చి రకాలు. లేకపోతే 334 రకం కాస్తా డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలంలో) 334 బస్తాలై కూర్చుంటుంది.