సమీకరణంలో హారంలో ఎక్స్ ఉందా? లెక్క మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• ప్రతి హారాన్నీ కారణాంకాలుగా విడగొట్టి, దాన్ని సున్నా చేసే విలువలను పక్కన రాసిపెట్టుకోండి. అవి జవాబు కాలేవు.

• హారాల క.సా.గు.తో (కనిష్ఠ సామాన్య గుణిజంతో) రెండు వైపులా గుణించేటప్పుడు హారం లేని పదాన్ని వదిలేయకండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎక్స్/(ఎక్స్−3) = 3/(ఎక్స్−3) + 2 లో ఆ 2ను గుణించకపోతే 5 వస్తుంది, తప్పు. సరిగ్గా గుణిస్తే ఎక్స్ = 3 + 2(ఎక్స్−3), అంటే ఎక్స్ = 3. కానీ 3 పెడితే హారం సున్నా అవుతుంది కదా! అందుకే దీనికి సాధనే లేదు.

• భిన్నం ముందు మైనస్ ఉంటే లవానికి బ్రాకెట్ తప్పనిసరి: −(ఎక్స్−4) అంటే −ఎక్స్+4.

• 5−ఎక్స్, ఎక్స్−5 వేర్వేరు హారాలు కావు. ఒకదాంట్లోంచి −1 బయటికి తీస్తే చాలు.

• అడ్డగుణకారం రెండు వైపులా ఒక్కో భిన్నమే ఉన్నప్పుడు మాత్రమే.

• సరిచూసేది మొదటి సమీకరణంలోనే, మధ్య మెట్టులో కాదు.