చేత్తో కట్టిన క్రాపీ జిగ్‌కి ధర ఎలా పెట్టాలి, ఎక్కడ అమ్మాలి

డాలస్ చుట్టుపక్కల చేపలు పట్టడం మొదలుపెట్టిన మనవాళ్లలో కొందరు, కొన్నాళ్లకి ఎరలు కూడా సొంతంగా కట్టుకుంటున్నారు. అవి కాస్త కుదిరేసరికి స్నేహితులు "మాకూ ఇవ్వండి, డబ్బులిస్తాం" అంటారు. అక్కడే ఎంత తీసుకోవాలో తెలియని ఇబ్బంది మొదలవుతుంది. నేను క్రాపీ చేప కోసం ఈకల జిగ్‌లు కట్టి అమ్ముతాను. జిగ్ అంటే సీసం తల ఉన్న గాలానికి ఈకలు కట్టిన ఎర. నా లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ధర కంటే ముందు మీ వీసా చూసుకోండి. హెచ్‌-1బిలో ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. లాభం కోసం సరుకు తయారుచేసి అమ్మితే అది కూడా పని కిందకే వస్తుంది. ఎఫ్‌-1లో చదువుకునే పిల్లలూ ఇలాంటివి పెట్టుకోకూడదు. హెచ్‌-4లో ఉండి ఈఏడీ, అంటే పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు, చేతిలో ఉంటే సొంతంగా అమ్ముకోవచ్చు, గ్రీన్ కార్డ్ ఉంటే అసలు బెంగే లేదు. నేను ఈఏడీ వచ్చాకే మొదలుపెట్టాను. మా ఆయన హెచ్‌-1బి కాబట్టి ఆయన చేత పార్సిల్ కూడా కట్టించను. వీసా కుదరనివాళ్లు కట్టినవి స్నేహితులకి ఊరికే ఇవ్వండి, హాయిగా ఉంటుంది.

ఇక ఖర్చు. నేను ఎక్కువగా కట్టేది 1/16 ఔన్సు జిగ్. గాలంతో కలిసి వచ్చే సీసం తల సుమారు 35 సెంట్లు. తోకకి మారబూ, అంటే పెంపుడు టర్కీ కోడి మెత్తటి ఈక, ఒంటికి షెనీల్ దారం కలిపి 15 సెంట్లు. రంగు పొడి, కట్టు దారం, జిగురు 5 సెంట్లు. అట్ట, కవరు 10. మొత్తం 65 సెంట్లు. ఒకటి కట్టడానికి నాకు 5 నిమిషాలు పడుతుంది. మన ఆడవాళ్లు ఇంట్లో చేసే పనికి గంట లెక్క వేయడం ఎందుకో మొహమాటపడతారు, వేయండి. నేను గంటకి 15 డాలర్లు పెట్టుకున్నాను. అంటే జిగ్‌కి కూలి డాలరు పాతిక, సరుకుతో కలిపి 1.90.

ఇప్పుడు చాలామందికి తెలియని ముక్క. అమెరికాలో చేపల ఎర తయారుచేసి అమ్మేవాళ్లు ఫెడరల్ ఎక్సైజ్ పన్ను కట్టాలి, ధరలో 10 శాతం. చిన్న తయారీదారు, పెద్ద కంపెనీ అన్న తేడా లేదు, వంటింటి బల్ల మీద కట్టినా కట్టాల్సిందే. 3 నెలలకోసారి ఫారం 720 నింపాలి, అందులో 41వ నంబరు మనది. పన్ను ధరలోనే కలిపేసి అమ్మితే ఆ ధరని 11తో భాగిస్తే వచ్చేది పన్ను. పోస్టు ఖర్చు మీద ఇది పడదు. వినగానే టెన్షన్ వస్తుంది కానీ ఫారం నింపడం పెద్ద పనేం కాదు, మొదటిసారి టాక్స్ చూసేవారి చేత సరిచూపించుకుంటే చాలు. నాకైతే ఈ పన్ను కట్టడం ఇష్టమే. 1950లో వచ్చిన చట్టం ప్రకారం ఈ డబ్బు రాష్ట్రాల చేపల శాఖలకి వెళుతుంది, చెరువుల్లో చేప పిల్లల్ని వదలడానికి, పడవలు దింపే ర్యాంపులు కట్టడానికి వాడతారు. మనం పట్టే చేపకే తిరిగి చేరుతుంది.

చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ వెబ్‌సైట్‌లో అమ్మితే ఏం మిగులుతుందో చూడండి. 3 జిగ్‌ల ప్యాకెట్ 10 డాలర్లు, పోస్టు 5 డాలర్లు అనుకుందాం. లిస్టింగ్‌కి 20 సెంట్లు. పోస్టుతో కలిపిన 15 మీద 6.5 శాతం అమ్మకం ఫీజు. మళ్లీ చెల్లింపు ఫీజు 3 శాతం, దాని మీద 25 సెంట్లు. మొత్తం 1.88. ఎక్సైజ్ 91 సెంట్లు, సరుకు 1.95. చివరికి చేతికి వచ్చేది 5.26. కట్టడానికి 15 నిమిషాలు, ప్యాకింగ్‌కి 5 నిమిషాలు పోయాయి కాబట్టి గంటకి 15 డాలర్ల పైచిలుకు పడింది. అదే ప్యాకెట్‌ని "పోనీలే, కొత్త కదా" అని 6 డాలర్లకి పెడితే చేతికి 2 డాలర్లు మిగులుతాయి, గంటకి 6 అన్నమాట. టెక్సస్ కనీస వేతనం 7.25. తక్కువ ధరకి మొదలుపెట్టి తర్వాత పెంచుదామనుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మాట ఇదే: వద్దు. మొదట అలవాటు పడ్డ ధరే కొనేవాళ్లకి గుర్తుంటుంది. పెద్ద షాపుల్లో డజన్ల లెక్కన దొరికే జిగ్‌లతో మనకి పోటీ లేదు.

చెరువు దగ్గరి ఎర దుకాణం నాకు ఎట్సీ కంటే నచ్చింది. దుకాణదారుడు జిగ్ 2 డాలర్లకి కొంటే ఎక్సైజ్ 18 సెంట్లు, సరుకు 65 తీసేయగా 1.17 మిగులుతుంది. గంటకి 12 కడితే 14 డాలర్లు. పార్సిళ్లు, ఫొటోలు, రాత్రిపూట మెసేజ్‌లకి జవాబులు ఏవీ ఉండవు. పైగా అక్కడికి వచ్చేవాళ్లు ఆ చెరువు చేపనే పడతారు. లేక్ ఫోర్క్ అనే చెరువు నీళ్లలో మునిగిన చెట్లు చాలా ఉన్నాయి, జిగ్‌లు కొమ్మలకి తగులుకుని పోతూ ఉంటాయి. అందుకే అక్కడివాళ్లు ఒకే రంగువి నాలుగైదు ఒకేసారి కొంటారు. ఏ రంగు పోతోందో దుకాణదారుడిని అడిగి, తర్వాతి వారం అదే కట్టి ఇవ్వండి. నేరుగా మీరే అమ్మితే మాత్రం టెక్సస్ సేల్స్ టాక్స్ పర్మిట్ తీసుకోవాలి, అది ఉచితం. ఎట్సీలో అయితే ఆ పన్ను వాళ్లే వసూలు చేసి కట్టేస్తారు.

అమ్మే ముందు ప్రతి తలకీ రంగు పొడి పట్టించి టోస్టర్ ఓవెన్‌లో కాల్చండి, సుమారు 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 15 నుంచి 20 నిమిషాలు. ఆ ఓవెన్‌లో మళ్లీ తిండి పెట్టకూడదు. పిల్లలున్న ఇంట్లో సీసం కరిగించి పోయడం నేను ఒప్పుకోను, తలలు కొనుక్కోండి. న్యూ హాంప్‌షైర్‌లో ఔన్సు, అంతకంటే తక్కువ బరువున్న సీసం జిగ్‌లు అమ్మడం నిషేధం. లూన్ పక్షులు మింగి చచ్చిపోతుంటే తెచ్చిన చట్టం అది. ఆ రాష్ట్రం నుంచి ఆర్డర్ వస్తే సీసం లేని తల కట్టండి, లేదా వద్దనండి. దారిలో దొరికిన కాకి ఈకలు, గద్ద ఈకలు కూడా ముట్టుకోకండి. 1918 నాటి వలస పక్షుల చట్టం కింద అవి దగ్గర పెట్టుకోవడమే నేరం.

ఆదాయం కొంచెమే అయినా రిటర్న్‌లో చూపించాలి. హాబీ అని చూపిస్తే 2018 నుంచి ఖర్చులు తీసేసుకునే వీలు లేదు. వ్యాపారం అని చూపిస్తే ఖర్చులు తీసేసుకోవచ్చు కానీ, లాభం 400 డాలర్లు గానీ అంతకు మించి గానీ ఉంటే స్వయం ఉపాధి పన్ను పడుతుంది. ఎటైనా రసీదులు దాచండి.

ఉత్తర టెక్సస్‌లో క్రాపీ గట్టు దగ్గరికి వచ్చేది ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ వరకు. అమ్మకాలన్నీ ఆ వారాల్లోనే. కాబట్టి డిసెంబర్ సెలవుల్లోనే తలలకి రంగులు కాల్చి పెట్టుకోండి, జనవరిలో కట్టండి. ప్రత్యేకం రంగులు అడిగినవాళ్ల దగ్గర సగం డబ్బు ముందే తీసుకోండి.